చీకట్లో ఉంచిన పళ్లెం

పర్లాకిమిడి పెద్దాసుపత్రి వెనక గదికి
ఒకటే కిటికీ. దానికీ నల్లకాయితం అంటించాం.
"అపా, తలుపు మెల్లగా" అంటుంది మినతి,
వెలుతురుకి చెవులున్నట్టు.

రెండు గాజు పళ్లేలు.
రెండింటిలోనూ ఒకే పుండు చీములోంచి పెంచిన పంట.
మూత మీద పేరు రాయకూడదు, నంబరే.
నూట పదిహేడు.
నాకు పేరు తెలుసు:
ఎలియాజర్ రయిత. గుమ్మ కొండల మీద ఊరు.
జీడితోటలో కత్తి జారి మడమ తెగింది.
సంతలో మూడు మాత్రలు కొన్నాడు,
ఒకటి మింగితే నొప్పి తగ్గింది, రెండు దాచాడు.
మళ్లీ వాచింది, దాచినవి మింగాడు.
తర్వాత రెండు రంగుల గొట్టాలు, తర్వాత సూదులు,
మేకల జత అమ్మి బరంపురం దాకా ఒక ప్రయాణం.

అతని చీముని పరీక్షకి పెట్టిన రోజు
ఆరు మందుల బిళ్లలు పరిచాను.
తెల్లారి చూస్తే
ఏ బిళ్ల చుట్టూ గోరంత ఖాళీ లేదు.
అంచుల దాకా వచ్చి కూర్చున్నాయి
ఎండవేళ అరుగు మీద కూర్చున్నంత నిమ్మళంగా.

రిపోర్టులో ఆరుసార్లు 'ఆర్' అని రాశాను.
మందుకి లొంగనిదని దానర్థం.
అతనికి అక్షరాలొచ్చు. వేలు పెట్టి అడిగాడు:
"ఆర్ అంటే ఏటి సిస్టరూ? రయితా? నా పేరేనా?"
అవుననలేదు.
కాదని కూడా అనలేకపోయాను.

లోపలికొచ్చిన మందుని వచ్చినట్టే
చిల్లుపడవలో నీళ్లలా తోడిపారేస్తున్నాయని చెప్పింది మినతి.
అని, బల్ల మీద ఒక చిన్న సీసా పెట్టింది.
మూత తియ్యకముందే వాసన పట్టాను.
పసుపు.
"ఇది మా పోపులడబ్బాలోనూ ఉందమ్మా,
తరతరాలుగా పూస్తూనే ఉన్నాం" అన్నాను.
"పూసి, గుడ్డకట్టి మూసేశారు కదా అపా,
వెలుగు చూపించారా?"

నీలిదీపం కింద పసుపు వెలుతురు తాగుతుందట.
తాగింది కడుపులో దాచుకోదు,
పక్కనున్న ప్రాణవాయువుకి అంటిస్తుంది.
మనం పీల్చే గాలే
ఆ కాసేపూ నిప్పురవ్వై
క్రిమి గోడకి బెజ్జం పొడుస్తుంది.
ఆరుసార్లు గుమ్మంలోంచి తిరిగొచ్చిన పాత మందు
అప్పుడు దూరుతుంది లోపలికి.

మొదటి సాయంత్రం ఇరవయ్యో నిమిషంలో కరెంటు పోయింది.
జనరేటరు ఆపరేషన్ గదికే.
మినతి చీకట్లో అలాగే కూర్చుని
ఒడియాలో ఎవర్నో తిట్టింది. ఎవర్నో అడగలేదు.

రెండోసారి దీపం నిలిచింది.
పొద్దున్న పళ్లెం కాంతికి ఎత్తి పట్టుకున్నాం.
మందుబిళ్ల చుట్టూ ఒక వలయం,
వరిగింజ వెడల్పు కూడా లేదు.
ఉంది, కానీ ఉంది.
అక్కడ పసుపు రంగే లేదు, వెలిసిపోయింది.
"చీరకి పసుపంటితే ఎండలో పారెయ్యి,
ఎండ తినేస్తది" అనేది మా పెద్దమ్మ.
నలభై ఏళ్లుగా తెలిసిన సంగతే,
తెలుసని తెలీదు.

చీకట్లో ఉంచిన రెండో పళ్లెం మాత్రం
పెళ్లికూతురి పాదంలా పచ్చగా ఉంది.
అందులో ఒక్కటీ చావలేదు.

సంతోషం ఆగక ఆయా దగ్గర అన్నానేమో,
ఆయా వార్డులో అన్నదేమో.
మధ్యాహ్నం వరండా చివర
ఎలియాజర్, కట్టు విప్పేసి,
పుండు నిండా వంటపసుపు మెత్తుకుని
కాలు బార్లా చాపి ఎండలో పెట్టుకున్నాడు.
ఈగలు తోలుకుంటున్నాడు ఎక్స్‌రే కవరుతో.

ఇది ఆ పసుపు కాదు, ఆ వెలుతురు కాదు,
అది గాజులో గెలిచింది, కాలి మీద ఎన్నేళ్లకో,
అసలు గెలుస్తుందో లేదో,
లే, కట్టు కట్టించుకో, అని చెప్పాలి.
చెప్పడానికే వెళ్లి ఎదురుగా నిలబడ్డాను.

"సిస్టరూ," అన్నాడు తలెత్తి.

నా నీడ అతని మడమ మీద పడింది.
పక్కకి జరిగాను.